రుబీడియం పరమాణువులను చల్లబరచి అణువులుగా జతపరచడం: అనంతపురంలో ప్రయోగశాల పెట్టదలచినవారికి

పరమాణువును చల్లబరచడమంటే దాని పరుగును తగ్గించడమే. గది ఉష్ణోగ్రత వద్ద రుబీడియం-87 పరమాణువు సగటున సెకనుకు 270 మీటర్ల వేగంతో కదులుతుంది. 146 మైక్రోకెల్విన్ల (మైక్రోకెల్విన్ అంటే కెల్విన్‌లో పదిలక్షల వంతు) వద్ద అదే పరమాణువు సెకనుకు 19 సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. ఈ పని ఫ్రిజ్ వల్ల అయ్యేది కాదు. రుబీడియం 39.3 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగే లోహం కాబట్టి, అనంతపురంలో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ఉంచితే గాజు గొట్టంలోనే ద్రవమైపోతుంది, చల్లని చోట పెడితే మళ్ళీ గడ్డకడుతుంది. మనకు కావలసింది గడ్డ కాదు, ద్రవమూ కాదు. గోడలను తాకకుండా, గాలి సాంద్రతలో పదికోట్ల వంతుకన్నా పలుచగా, శూన్యంలో వేలాడే వాయువు. దానిలోని శక్తిని బయటికి తీసుకుపోగలది వెలుగు ఒక్కటే.

అణువులను తయారుచేసేటప్పుడు కూడా ఇదే సూత్రాన్ని పట్టుకోవాలి. రెండు పరమాణువులు బంధంలో కలిసినప్పుడు బంధన శక్తి విడుదలవుతుంది. ఆ శక్తి కదలికగా మారితే, ఎంతో శ్రమపడి చల్లబరచిన జంట క్షణంలో చెదరిపోతుంది. అందువల్ల ఆ శక్తి కూడా వెలుగు రూపంలోనే వెళ్ళిపోయే దారిని ఎంచుకోవాలి. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులు, వారికి మార్గదర్శకత్వం వహించే అధ్యాపకులు ఒక చిన్న ప్రయోగశాలలో ఎంతవరకు వెళ్ళవచ్చో, ఎక్కడ ఆగడం మంచిదో దృష్టిలో పెట్టుకొని ఈ క్రమాన్ని వివరిస్తున్నాను.

గది

పరికరాలకు ఆర్డరు పెట్టేముందు గదిని సిద్ధం చేయాలి. లేజర్ డయోడు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే అది వెలువరించే తరంగదైర్ఘ్యం సుమారు 0.3 నానోమీటరు జరుగుతుంది. పౌనఃపున్యంలో అది దాదాపు 150 గిగాహెర్ట్జ్. రుబీడియం పరమాణువు గుర్తుపట్టే వెడల్పు 6 మెగాహెర్ట్జ్ మాత్రమే. బయట 42 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు ఏసీని పొద్దున వేసి సాయంత్రం ఆపే అలవాటు ఇక్కడ పనికిరాదు. రాత్రింబవళ్ళు ఒకే ఉష్ణోగ్రత ఉండాలి, ఏసీ గాలి నేరుగా బల్లమీదికి రాకూడదు, సీలింగ్ ఫ్యాను తిరగకూడదు. ఆషాఢం గాలులకు మన ఎర్రమన్ను కిటికీ సందుల్లోంచి కూడా లోపలికి వస్తుంది కాబట్టి కిటికీలను పూర్తిగా మూసివేసి, ఆప్టికల్ బల్లమీద యాక్రిలిక్ పలకలతో ఒక పెట్టె కట్టించి, చెప్పులు గది బయటే విడవాలన్న నియమం పెట్టాలి. ఈ ప్రాంతపు పొడి గాలి ఒక విషయంలో మేలు చేస్తుంది: కోస్తాలో చల్లబరచిన డయోడుపై తేమ చేరుతుందన్న భయం ఎక్కువ, ఇక్కడ వానాకాలంలో తప్ప ఆ బెడద తక్కువ.

కరెంటు విషయంలో అన్నిటినీ ఒకే యూపీఎస్‌కు తగిలించకుండా, వాక్యూమ్ పంపుకు విడిగా ఒకటి కేటాయించాలి. లేజర్ ఆగిపోతే మళ్ళీ పది నిమిషాల్లో సర్దుకోవచ్చు, వాక్యూమ్ పోతే వారాల పని పోతుంది.

శూన్యం

చల్లబడిన పరమాణువును గది వేడిలో తిరిగే ఒక్క నత్రజని అణువు ఢీకొన్నా అది వెలుగు, అయస్కాంత క్షేత్రాలతో కట్టే ఉచ్చులోంచి ఎగిరిపోతుంది. అందుకని గాజు సెల్‌లోనో స్టీలు గదిలోనో పీడనం 10⁻⁹ టార్ (మామూలు వాతావరణ పీడనం 760 టార్) స్థాయికి దిగాలి. అతుకుల దగ్గర రబ్బరు రింగులకు బదులు కత్తి అంచుల ఫ్లాంజిల మధ్య రాగి గాస్కెట్లు వాడాలి. లోపలి భాగాలను సబ్బునీటితో, ఆపైన అసిటోన్‌తో, చివరికి ఆల్కహాల్‌తో కడిగాక వట్టి చేతితో ముట్టకూడదు, ఎందుకంటే ఒక్క వేలిముద్రలోని జిడ్డు వారాల తరబడి ఆవిరిని వదులుతూనే ఉంటుంది. గాజు, కిటికీలు ఎంత వేడిని తట్టుకుంటాయో తయారీదారు పత్రంలో చూసుకొని, స్టీలు భాగాలను 150 నుంచి 200 డిగ్రీల వరకు నెమ్మదిగా వేడిచేసి, టర్బో పంపు (వేగంగా తిరిగే రెక్కలతో గాలిని తోడేది) నడుస్తుండగా కొన్ని రోజులపాటు అలాగే ఉంచాలి. హడావిడిగా వేడిచేస్తే గాజుకు, లోహానికి మధ్య అతుకు పగులుతుంది. చల్లారిన తరువాత అయాన్ పంపును (మిగిలిన వాయువును అయాన్లుగా మార్చి పట్టుకునేది) మొదలుపెట్టి, టర్బో పంపు వైపు వాల్వు మూసేయాలి. కారడం ఎక్కడైనా ఉంటే హీలియం చల్లి పట్టుకోవాలి. ఆ సిలిండరును బెంగళూరు నుంచి ముందే తెప్పించి ఉంచుకోవడం మంచిది.

రుబీడియంను లోహంగా కొని లోపల పెట్టే ఆలోచన మానుకోవాలి. అది నీరు తగిలితే మండిపోతుంది. కరెంటు పంపితే మాత్రమే ఆవిరిని వదిలే డిస్పెన్సర్లు సన్నని పట్టీల రూపంలో దొరుకుతాయి. మూడు నాలుగు ఆంపియర్ల వద్ద అవి పని మొదలుపెడతాయి.

లేజర్

పరమాణువు ఎదురుగా వచ్చే వెలుగును దాని అసలు పౌనఃపున్యంకన్నా ఎక్కువగా చూస్తుంది, వెనుకనుంచి వచ్చేదాన్ని తక్కువగా చూస్తుంది. కాబట్టి లేజర్‌ను పరమాణువు కోరే పౌనఃపున్యానికి కొంచెం దిగువన ఉంచితే, పరమాణువు తాను ఎటు పరుగెడుతున్నదో అటునుంచి వచ్చే ఫోటాన్లనే ఎక్కువగా మింగుతుంది, ప్రతి ఫోటాన్‌తోనూ సెకనుకు 5.9 మిల్లీమీటర్ల చొప్పున వేగం కోల్పోతుంది. 270 మీటర్ల వేగాన్ని ఇలా పూర్తిగా తగ్గించాలంటే దాదాపు 46 వేల ఫోటాన్లు కావాలి. ఉత్తేజిత స్థాయి 26 నానోసెకన్లే నిలుస్తుంది కనుక ఇదంతా కొన్ని మిల్లీసెకన్లలో ముగుస్తుంది. ఈ ఆలోచనను 1975లో హాన్ష్, షాలోలు ప్రతిపాదించారు. పదేళ్ళకు స్టీవెన్ చూ బృందం బెల్ లాబ్స్‌లో సోడియంతో చేసి చూపింది.

రుబీడియం బలంగా మింగే వెలుగుల్లో ఒకటైన డి2 గీత 780.24 నానోమీటర్ల వద్ద ఉంటుంది. ఈ తరంగదైర్ఘ్యానికి డయోడ్లు తేలికగా దొరకడమే మొదటి ప్రయోగానికి రుబీడియంను ఎంచుకోవడానికి ముఖ్య కారణం. రెండు లేజర్లు కావాలి. చల్లబరిచేది ఎఫ్=2 నుంచి పై ఎఫ్=3 స్థాయికి ఎత్తుతుంది (ఎఫ్ అన్నది పరమాణువు శక్తి ఉపస్థాయిలను గుర్తించే సంఖ్య). సుమారు వేయి చక్రాలకు ఒకసారి పరమాణువు దారి తప్పి ఎఫ్=1 స్థాయిలో పడిపోతుంది, ఇక దానికి ఆ లేజర్ కనబడదు; దాన్ని తిరిగి చక్రంలోకి ఎక్కించేది రెండవ లేజర్, దాన్నే రీపంపర్ అంటారు. రీపంపర్‌కు శక్తి ఎక్కువ అక్కరలేదు గానీ అది లేకపోతే ఉచ్చు క్షణంలో ఖాళీ అవుతుంది. వెలుగు సరిగా ఉన్నా ఉచ్చులో పరమాణువుల మబ్బు కనబడలేదంటే ముందుగా దీనినే అనుమానించాలి.

లేజర్ పౌనఃపున్యాన్ని పరమాణువుకే కట్టివేయడానికి (దీన్నే లాక్ చేయడం అంటారు), ఒక చిన్న గాజు గొట్టంలోని మామూలు రుబీడియం ఆవిరిలో బలమైన కిరణాన్ని ఒకవైపునుంచి, బలహీనమైనదాన్ని ఎదురువైపునుంచి పంపాలి. లేజర్‌ను స్కాన్ చేస్తే, అంటే దాని పౌనఃపున్యాన్ని మారుస్తూ పోతే, ఆసిలోస్కోపు మీద వెడల్పైన నాలుగు లోయలు కనబడతాయి. ప్రకృతిలో రుబీడియం-85 వాటా 72 శాతం, రుబీడియం-87 వాటా 28 శాతం కాబట్టి మధ్యనున్న రెండు లోయలు పెద్దవిగా ఉంటాయి, అవి 85వి. అటూ ఇటూ అంచుల్లో ఉన్నవి 87వి. తక్కువ పౌనఃపున్యం వైపు అంచునున్న లోయలోకి వెళ్ళి స్కాన్‌ను చిన్నది చేస్తే, దాని లోపల సన్నని శిఖరాలు బయటపడతాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది అసలు గీత కాదు; పై ఎఫ్=2, ఎఫ్=3 స్థాయిల నడిమధ్యన ఏర్పడే క్రాసోవర్. అది మనకు కావలసిన గీతకు 133 మెగాహెర్ట్జ్ దిగువన ఉంటుంది. చాలా ప్రయోగశాలల్లో లేజర్‌ను ఈ క్రాసోవర్‌కే లాక్ చేసి, అకౌస్టో-ఆప్టిక్ మాడ్యులేటర్‌తో (ధ్వని తరంగాలతో వెలుగు పౌనఃపున్యాన్ని జరిపే పరికరం) పైకి జరిపి, గీతకు 12 నుంచి 18 మెగాహెర్ట్జ్ దిగువన నిలుపుతారు. బల్లమీద చిన్నగా తట్టినా, తలుపు గట్టిగా వేసినా లాక్ ఊడకూడదు. అంతవరకు ముందుకు పోవద్దు.

ఈ వెలుగు కంటికి మందమైన ఎరుపుగా కనబడుతుంది, లేదా అసలు కనబడదు. కనబడనంత మాత్రాన బలహీనమని అనుకోరాదు. కళ్ళద్దాలు తప్పనిసరి, ఉంగరాలు, గడియారాలు, గాజులు తీసేసి బల్లదగ్గరికి రావాలి, కిరణం ఉన్న ఎత్తుకు తల వంచకూడదు.

ఉచ్చు

వెలుగు పరమాణువుల వేగాన్ని మాత్రమే తగ్గిస్తుంది. ఒకచోట కూడబెట్టడానికి అయస్కాంత క్షేత్రం తోడు కావాలి. వెలుగును, అయస్కాంతాన్ని కలిపిన ఈ ఉచ్చును మ్యాగ్నెటో-ఆప్టికల్ ట్రాప్ అంటారు, 1987లో మొదట పనిచేసింది. ఒకే ఇరుసుపై ఎదురెదురుగా ఉన్న రెండు కాయిళ్ళలో కరెంటును వ్యతిరేక దిశల్లో పంపితే, నడిమధ్య క్షేత్రం సున్నా అయి, అన్నివైపులకూ పెరుగుతూ పోతుంది. కాయిల్ వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు, రెండింటి మధ్య దూరం కూడా 5 సెంటీమీటర్లు ఉంచి, ఒక్కొక్కదానికి 100 చుట్లు చుట్టి 2.3 ఆంపియర్లు పంపితే ఇరుసు వెంట సెంటీమీటరుకు 10 గాస్ వాలు వస్తుంది. అది చాలు, నీళ్ళతో చల్లబరచాల్సిన పనికూడా లేదు.

బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపులు మన ఊళ్ళలో వీధికొకటి ఉన్నాయి. చుట్లు సందు లేకుండా, వరుస తప్పకుండా చుట్టడంలో ఆ పనివాళ్ళకున్న చేతి నైపుణ్యం కొత్తగా ప్రయోగశాలకు వచ్చిన విద్యార్థికి ఉండదు కనుక, ఎనామిల్ పూసిన రాగి తీగను, లేతులో తిరగేయించిన అల్యూమినియం ఫార్మరును (తీగ చుట్టే చట్రం) తీసుకుపోయి వారిచేతనే చుట్టించుకోవడం నా సలహా. ఫార్మరు మీద ఒకచోట అడ్డంగా రంపంతో చీలిక పెట్టించడం మాత్రం మరువకూడదు. చీలిక లేని అల్యూమినియం వలయం తానే ఒక చుట్టుగా పనిచేసి, కరెంటు ఆపగానే దానిలో సుడి కరెంట్లు పుట్టి, క్షేత్రం వెంటనే సున్నాకు పడకుండా అడ్డుకుంటాయి. రెండు కాయిళ్ళనూ ఏ దిశలో చుట్టారో షాపులోనే బాణం గుర్తు వేయించుకోవాలి.

మూడు జతల కిరణాలు మూడు లంబ దిశల్లో, మధ్యబిందువు దగ్గర ఒకదానినొకటి దాటాలి. అన్నీ వృత్తాకార ధ్రువణంలో ఉండాలి. కాయిళ్ళ ఇరుసు వెంట వెళ్ళే జత ధ్రువణం మిగిలిన రెండు జతలకు వ్యతిరేకంగా ఉండాలి. మబ్బు రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇక్కడే ఉంటుంది. కరెంటు దిశను తిప్పి చూడాలి. అప్పుడు వస్తే ఆరు కిరణాల ధ్రువణమూ తలకిందులైందని అర్థం. అయినా రాకపోతే ఒక జత మాత్రమే తప్పుగా ఉందేమో వెతకాలి. భూమి అయస్కాంత క్షేత్రాన్ని రద్దుచేయడానికి మరో మూడు జతల పలుచని కాయిళ్ళు పెట్టుకోవాలి. చూడడానికి ఖరీదైన కెమెరా అవసరం లేదు. రాత్రిపూట కూడా చూడగల మామూలు సీసీ కెమెరాకు 780 నానోమీటర్ల వెలుగు బాగానే కనబడుతుంది. అంతా కుదిరిననాడు దాని తెరమీద కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున తెల్లని మచ్చ నిలుస్తుంది, కాయిళ్ళ కరెంటు ఆపగానే మాయమవుతుంది. అలా మాయమైతేనే అది పరమాణువుల మబ్బు, కిటికీ గాజుపై పడ్డ ప్రతిబింబం కాదు.

ఇక్కడివరకు వచ్చిన ఉష్ణోగ్రత డాప్లర్ హద్దైన (పైన చెప్పిన పద్ధతి లెక్క ప్రకారం చేరగల కనిష్ఠం) 146 మైక్రోకెల్విన్ల చుట్టుపక్కల, ఎక్కువగా దానికి పైనే ఉంటుంది. అయస్కాంత క్షేత్రాన్ని ఆపి, లేజర్‌ను గీతకు ఇంకా దూరం జరిపి, తీవ్రత తగ్గించి కొన్ని మిల్లీసెకన్లు ఉంచితే పదుల మైక్రోకెల్విన్లకు దిగుతుంది. హద్దుకు దిగువకు పోవడం 1988లో విలియం ఫిలిప్స్ బృందాన్ని ఆశ్చర్యపరిచింది. దానికి కారణం ధ్రువణ వాలులో, అంటే వెలుగు ధ్రువణం చోటుచోటుకూ మారడంలో, దాగి ఉన్నదని కోహెన్-తనూజీ తదితరులు వివరించారు. చూ, కోహెన్-తనూజీ, ఫిలిప్స్‌లకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. ఉష్ణోగ్రతను కొలవడానికి థర్మామీటరు పెట్టలేము. వెలుగు మొత్తం ఆపి, మబ్బును పడిపోనిచ్చి, వేర్వేరు వ్యవధుల తరువాత ఫోటో తీసి, అది ఎంత విస్తరించిందో చూడాలి. 10 మైక్రోకెల్విన్ల మబ్బు 10 మిల్లీసెకన్లలో అన్నివైపులకూ సుమారు 0.3 మిల్లీమీటరు వ్యాపిస్తుంది, అర మిల్లీమీటరు కిందికి పడుతుంది.

పెద్ద ప్రయోగశాలల దారి

ఇంతకన్నా కిందికి దిగడానికి వెలుగు తాకిడే అడ్డం. అక్కడినుంచి వేసవిలో మట్టికుండలోని నీళ్ళు చల్లబడే పద్ధతినే వాడతారు: ఉచ్చు అంచును మెల్లగా దించి, ఎక్కువ శక్తిగల పరమాణువులను బయటికి పోనిచ్చి, మిగిలినవాటిని తమలో తాము సర్దుకోనిస్తారు. 1995 జూన్‌లో అమెరికాలోని బౌల్డరులో కార్నెల్, వీమన్‌లు రుబీడియం-87ను 170 నానోకెల్విన్ల వద్ద బోస్-ఐన్‌స్టీన్ సంఘనితంగా (పరమాణువులు ఒకే క్వాంటం స్థితిలోకి చేరే రూపం) మార్చింది ఈ మార్గంలోనే.

బౌల్డరులోనే 2008లో డెబొరా జిన్, జున్ యే బృందం పొటాషియం-40, రుబీడియం-87 పరమాణువులను జతపరచి, అత్యల్ప శక్తి స్థాయిలో ఉన్న అణువులను 350 నానోకెల్విన్ల వద్ద తయారుచేసింది. మొదట అయస్కాంత క్షేత్రాన్ని 546.7 గాస్ దగ్గరి ఫెష్‌బాక్ రెజొనెన్స్ (రెండు పరమాణువులు అంటుకోగల ప్రత్యేక క్షేత్ర బలం) మీదుగా మెల్లగా జరిపితే రెండు పరమాణువులు అతి బలహీనంగా అంటుకుంటాయి. ఆ జంటను గట్టి అణువుగా దించాలంటే 6,000 కెల్విన్లకు సమానమైన శక్తిని తీసివేయాలి. 970 నానోమీటర్ల లేజర్‌తో పైకెత్తి, 690 నానోమీటర్ల లేజర్‌తో కిందికి దించితే, ఆ రెండు వెలుగుల పౌనఃపున్యాల మధ్య ఉన్న 125 టెరాహెర్ట్జ్ తేడాగా ఆ శక్తి మొత్తం వెళ్ళిపోతుంది, వేడిగా మిగలదు. దించే లేజర్‌నే ముందు వెలిగించాలన్నది ఈ పద్ధతిలో వింతైన నియమం. అలా చేస్తేనే జంట మధ్యలోని ఉత్తేజిత స్థాయిలో ఆగకుండా దాటుతుంది.

మనం మొదటే ఇటు దిగకపోవడానికి ఒక్క కాయిళ్ళ సంగతి చాలు. పైన చెప్పిన కొలతలతోనే 546 గాస్ తేవాలంటే ఒక్కొక్క కాయిల్‌కు చుట్ల సంఖ్య, ఆంపియర్ల లబ్ధం 3,000 దాటుతుంది, దానికి బోలు రాగి గొట్టాల్లో నీళ్ళు పారించాలి. అనంతపురం బోరు నీళ్ళు ఆ గొట్టాల్లోకి వెళితే లోపల సున్నపు పొర కట్టి దారి మూసుకుపోతుంది. డిస్టిల్డ్ వాటరుతో, మూసిన చక్రంలో తిరిగే చిల్లరు తప్పనిసరి అవుతుంది.

మన ఉచ్చులోనే అణువులు

అంత దూరం పోకుండానే నిజమైన అణువులను చేయవచ్చు. ఉచ్చులోని రెండు చల్లని పరమాణువులు దగ్గరికి వచ్చిన సమయంలో, పరమాణు గీతకు కొంత దిగువనున్న మూడవ లేజర్ ఆ జంటను కలిపి ఉత్తేజిత అణువుగా చేస్తుంది. దీనిని ఫోటోఅసోసియేషన్ అంటారు. ఆ అణువు కొన్ని నానోసెకన్లలోనే వెలుగును వదిలి కిందికి దిగుతుంది. చాలాసార్లు వేగంగా పారిపోయే రెండు పరమాణువులుగా విడిపోతుంది, కొన్నిసార్లు భూస్థాయి (ఉత్తేజం పోయిన) అణువుగా నిలుస్తుంది. ఏది జరిగినా ఆ రెండు పరమాణువులు ఉచ్చు లెక్కలోంచి పోతాయి, మబ్బు వెలుగు తగ్గుతుంది. ఇటువంటి మార్గంలో ఫ్రాన్సులో పియర్ పిల్లే బృందం 1998లో సీసియం అణువులను, ఇటలీలోని పీసాలో 2000లో రుబీడియం అణువులను గుర్తించారు.

మూడవ లేజర్‌ను డి1 గీతకు (రుబీడియం మింగే మరో గీత, 795 నానోమీటర్లు) పౌనఃపున్యంలో దిగువన, 795 నుంచి 800 నానోమీటర్ల మధ్య పెట్టుకోవాలి. అది 780కి చాలా దూరం కాబట్టి ఉచ్చును నేరుగా కదిలించదు. కొన్ని వందల మిల్లీవాట్ల శక్తిని మబ్బు పరిమాణానికి సరిపోయేలా కుదించి, మబ్బు మధ్యలోంచి పంపాలి. మబ్బు వెలుగును కొలిచే ఫోటోడయోడు ముందు 780 నానోమీటర్లను మాత్రమే వదిలే ఫిల్టరు పెట్టకపోతే, మూడవ లేజర్ చెదురు వెలుగే సంకేతంగా కనబడి మోసం చేస్తుంది. స్కాన్ చాలా నెమ్మదిగా జరగాలి. ఉచ్చు నిండడానికి ఒకటి రెండు సెకన్లు పడితే, పౌనఃపున్యం ప్రతి మెట్టు దగ్గరా అంతకు కొన్ని రెట్ల సేపు ఆగాలి. తొందరపడితే మబ్బు వెలుగు తగ్గే లోయలు ఏర్పడకముందే దాటిపోతాము. జతకట్టే రేటు సాంద్రత వర్గానికి అనులోమంగా ఉంటుంది కనుక, పెద్ద మబ్బుకన్నా చిక్కని మబ్బు మేలు.

లోయ కనబడినంత మాత్రాన అణువు దొరికిందని నోటు పుస్తకంలో రాసుకోకూడదు. స్కాన్‌ను వెనుకకు నడిపినా అది వేవ్‌మీటరు (తరంగదైర్ఘ్యం కొలిచే పరికరం) మీద అదే అంకె దగ్గర రావాలి. మూడవ కిరణాన్ని మబ్బు పక్కకు జరిపితే పోవాలి. దాని శక్తిని తగ్గిస్తే లోతు తగ్గాలి. ఈ మూడింటికీ నిలిచిన లోయలనే లెక్కలోకి తీసుకొని, హద్దయిన డి1 గీతనుంచి ప్రతిదాని దూరాన్ని కొలవాలి. హద్దుకు దగ్గరయ్యేకొద్దీ లోయల మధ్య ఎడం తగ్గుతూ పోతుంది. ఈ స్థాయిల్లో రెండు పరమాణువుల మధ్య ఆకర్షణ దూరం ఘనానికి విలోమంగా మారుతుంది కాబట్టి, ప్రతి లోయ బంధన శక్తికి ఆరవ మూలం తీసి, వరుస సంఖ్యకు ఎదురుగా గ్రాఫు గీస్తే సరళరేఖ రావాలి. 1970లో లెరాయ్, బెర్న్‌స్టీన్‌లు ఇచ్చిన సూత్రం ఇది. రెండు మూడు శ్రేణులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటే చుక్కలు మొదట చిందరవందరగా పడతాయి. ఎడాలను బట్టి వాటిని విడదీసి ఒక్కొక్క శ్రేణికి వేరుగా గీయాలి. భూస్థాయి అణువులనే పట్టుకోవాలనుకుంటే 600 నానోమీటర్ల దగ్గరి పల్స్ లేజర్‌తో వాటిని అయాన్లుగా మార్చి, ఉచ్చు పక్కనే అమర్చిన అయాన్ డిటెక్టరుతో లెక్కించాలి. పరమాణు అయాన్లకన్నా రెట్టింపు బరువున్నవి కాబట్టి అవి ఆలస్యంగా వచ్చి చేరతాయి. ఆ డిటెక్టరుకు కావలసిన ఫ్లాంజిని వాక్యూమ్ గది గీసేరోజే వదిలిపెట్టుకోవాలి. కొనుగోళ్ళకు ముందు బెంగళూరులోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో చల్లని పరమాణువులపై పనిచేసేవారిని సంప్రదించి, వారి గది నక్షా ఒకసారి చూసి రావడం మంచిది. అనంతపురం నుంచి అది రైలులో ఒక పూట ప్రయాణం.